నా గుడ్డు నేను ముందే తీసి పెట్టుకుంటున్నా

నిన్న రాత్రి నాలుగో దోసె పెనం మీద పోస్తుంటే మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి "ఇంకా ఎవరు తినాలి?" అన్నాడు. నేనే అన్నా. ఇంకేం అనలేదు, ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు కానీ, పెళ్ళైన 13 ఏళ్ళలో ఈ ఇంట్లో నేను ఒక పూటకి నాలుగు దోసెలు తినడం ఈ ఏడే మొదలు. అది కూడా పల్లీ చట్నీ గట్టిగా రుబ్బుకుని, నెయ్యి వేసి కాల్చుకుని, పైన ఒక గ్లాసు పాలు. పొద్దున్నే నాలుగున్నరకి లేచి 16 కిలోమీటర్లు పరిగెత్తాలి కదా, అందుకు. కిందటేడు అయితే ఇదే పరుగుకి ముందు రోజు రాత్రి ఒక కప్పు రాగిజావ తాగి, ఏదో సాధించినట్టు చాలా గొప్పగా పడుకునేదాన్ని.

ఆ గొప్పతనం ఎలా దిగిందో చెప్తా.

నాకు 37. హైదరాబాద్ హబ్సిగూడలో ఉంటాం, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. 2022లో ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో నడక మొదలుపెట్టా, ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళి రావడం అంతే, అది మెల్లగా జాగింగ్ అయ్యి, జాగింగ్ కాస్తా పిచ్చి అయ్యి, కిందటి ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పూర్తి చేసేశా. ఆ రూటు పరిగెత్తినవాళ్ళకి తెలుసు, ఒక ఫ్లైఓవర్ దిగి హమ్మయ్య అనుకునేలోపు ఇంకోటి ఎదురొస్తుంది, దానికి తోడు ఉక్కపోత. మెడల్ మెళ్ళో వేసుకుని ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా డిసైడ్ అయిపోయా, వచ్చే ఏడు 42 అని. దానికి బాడీ లైట్‌గా ఉండాలి, ఒక్కో కిలో తగ్గితే అంత స్పీడు పెరుగుతుంది అని మా రన్నింగ్ గ్రూపులో ఒకాయన అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదేలెండి. నేనే మరీ పట్టుకు వేలాడా.

పొద్దున బ్లాక్ కాఫీ తాగి ఖాళీ కడుపుతో 8, 10 కిలోమీటర్లు. వచ్చాక చిన్న గిన్నెడు ఓట్స్. మధ్యాహ్నం బాక్సులో రెండు పుల్కాలు, కూర, కీరా ముక్కలు. సాయంత్రం గ్రీన్ టీ, రెండు బిస్కెట్లు. రాత్రి రాగిజావ, లేకపోతే సూపు. అన్నం మానేశా. అన్నం మానేశానని అడగనివాళ్ళకి కూడా చెప్పేదాన్ని. ఇందులో ఒక్కటైనా చెడ్డ తిండి ఉందా చెప్పండి, ఆ రెండు బిస్కెట్లు వదిలేస్తే నూనె లేదు, మైదా లేదు, చక్కెర లేదు, అన్నీ డాక్టర్లు తినమనేవే. మొదటి నెలన్నరలో 59 నుంచి 55కి వచ్చా, ఆఫీసులో అందరూ "ఏం చేస్తున్నారండీ, భలే తగ్గారు" అనేవాళ్ళు, ఆ మాటలు వింటుంటే ఆకలి కూడా తెలిసేది కాదు.

తర్వాత బరువు అక్కడే ఆగిపోయింది కానీ మిగతావన్నీ కదలడం మొదలుపెట్టాయి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టేది కాదు. దువ్వెన నిండా జుట్టు. పిల్లల మీద ఊరికే అరవడం. కిలోమీటరు 6 నిమిషాల 40 సెకన్లలో వెళ్ళే మనిషిని అదే రోడ్డు మీద ఏడున్నర నిమిషాలు తీసుకుంటుంటే, ప్రాక్టీసు చాలట్లేదేమో అనుకుని వారానికి ఇంకో రోజు పెంచా! పైగా కార్తీకమాసం వచ్చింది. ఆదివారం పొద్దున లాంగ్ రన్, సోమవారం నక్షత్రం కనపడేదాకా ఉపవాసం, అలా నాలుగు సోమవారాలు. లాంగ్ రన్ మర్నాడు కండరాలు తిండి కోసం నోరు తెరుచుకుని కూర్చుంటాయని అప్పుడు నాకేం తెలుసు, పుణ్యానికి పుణ్యం, డైట్‌కి డైట్ అనుకున్నా.

డిసెంబరు చివర్లో కుడికాలు, మోకాలికీ చీలమండకీ మధ్య ముందుంటుంది చూడండి ఆ ఎముక, దాని మీద సరిగ్గా రూపాయి బిళ్ళంత చోట నొక్కితే ప్రాణం పోయేది. చుట్టుపక్కల ఎక్కడ నొక్కినా ఏమీ లేదు, ఆ ఒక్కచోటే. నూనె రాశా, ఐసు పెట్టా, పరుగు మాత్రం ఆపలేదు. చివరికి మెట్లు దిగుతుంటే కూడా నొప్పి వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళా. ఎమ్మారై తీస్తే ఎముక ఇంకా పగల్లేదు, పగలడానికి ముందు స్టేజీలో ఉంది అన్నారు. అని ఊరుకోకుండా ఆవిడ "పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా?" అని అడిగారు.

నేను కాలు చూపించుకోవడానికి వెళ్ళా. ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. మూడు నెలలుగా రాలేదండీ, టెన్షన్ల వల్లేమో అన్నా. నిజం చెప్పాలంటే, రాకపోతే లాంగ్ రన్‌కి అడ్డం ఉండదు కదా అని లోపల్లోపల సంతోషం కూడా ఉండేది, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. రక్తపరీక్షలో ఫెరిటిన్ 9 వచ్చింది, అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ డబ్బా అడుగంటినట్టే. "నిన్న పొద్దున్నించి రాత్రి దాకా ఏం తిన్నారో వరసగా చెప్పండి" అన్నారు. చెప్పా. రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపి "అంతేనా?" అన్నారు.

చేసే కష్టానికి సరిపడా తిండి ఒంటికి అందకపోవడాన్ని రెడ్-ఎస్ అంటారట, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో పెట్టిన పేరు. అంతకుముందు ఆడ అథ్లెట్లకే వచ్చే తంటా అనుకునేవాళ్ళు, మగవాళ్ళకీ వస్తుందని తేలాక పేరు మార్చారు. నాకు అర్థమైంది ఏంటంటే, జీతం సగమే వచ్చిన నెలలో ఇల్లు ఎలా నడుపుతాం, అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు ముందు కట్టేసి గోడలకి రంగులు, కొత్త పరుపు ఇవన్నీ తర్వాత చూద్దాంలే అంటాం కదా, ఒళ్ళు కూడా అదే చేస్తుంది. గుండె ఆగకూడదు, మెదడు ఆగకూడదు, మనం మొండిగా చేసే పరుగు ఎలాగూ ఆగదు, ఇక మిగిలిన చిల్లర కేలరీలతో నెలసరి, ఎముకల రిపేరు, జుట్టు ఇవన్నీ నడవాలి. నడవవు, వాయిదా పడతాయి.

ఇంటికొచ్చి కోపంగా లెక్కలేశా. మాకు దగ్గర్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్‌ఐఎన్, ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగుంటానో, ఎప్పుడూ వాళ్ళేం చెప్తున్నారో చూడలేదు. వాళ్ళ 2020 లెక్క ప్రకారం 55 కిలోల ఆడమనిషి కూర్చుని పనిచేసేదైతేనే రోజుకి 1660 కేలరీలు కావాలి. పరుగుకి మోటు లెక్క ఒకటుంది, కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కేలరీ. నేను 55 కిలోలు, 10 కిలోమీటర్లు, అంటే ఇంకో 550. మొత్తం 2200. నేను తింటున్నది ఎంత ధారాళంగా వేసినా 1200 దాటట్లేదు. అంటే పరిగెత్తిన ప్రతిరోజూ వెయ్యి అప్పు, నెలల తరబడి.

ఇక్కడ నాకు తట్టిన విషయం ఇంకోటుంది, ఇది ఏ డైటీషియన్ చార్టులోనూ చూడలేదు. నేను ఫోన్‌లో యాప్ పెట్టుకుని తిన్నవి ఎక్కించేదాన్ని. గుడ్డు కూర ఒక కప్పు అని కొడితే అది రెండు గుడ్లు వేసుకుని ప్రొటీన్ చూపించేది. కానీ మా ఇంట్లో గుడ్డు కూర అంటే ఆరు గుడ్లు. మా ఆయనకి రెండు, మా వాడికి రెండు, పాపకి ఒకటి, ఉన్న ఒక్కటీ మర్నాడు బాక్సులోకి అని పక్కన పెడతా. నేను తినేది పులుసు. గుడ్డు కూర తిన్నా అనే అనుకుంటా, యాప్ కూడా పాపం నమ్మేస్తుంది. పప్పు కూడా అంతే, చివర కూర్చునేసరికి గిన్నె అడుగున పల్చగా ఉన్నది. చికెన్ అయితే మెడ, వీపు ముక్కలు. ఎవరూ నన్ను తినొద్దనలేదు, ఎవరి తప్పూ లేదు, మా అమ్మ అలాగే తినేది, మా అత్తయ్య అలాగే తింటారు, నా చెయ్యి కూడా వడ్డించేటప్పుడు అలాగే వెళ్ళిపోతుంది. మామూలుగా అయితే ఎలాగోలా సర్దుకుపోతుందేమో కానీ ఆ పులుసు మీద వారానికి 50 కిలోమీటర్లు పరిగెత్తితే సర్దుకోదు.

మార్చిలో మళ్ళీ క్యాంపస్‌కి వెళ్ళా, పరుగుకి కాదు, నడకకి. అక్కడ పోలీసు ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యే పిల్లలు బోలెడంత మంది, 1600 మీటర్లు కొడుతుంటారు, 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకి అది 7 నిమిషాల 15 సెకన్లలో అయిపోవాలని ఉంది, ఆ టైము వాళ్ళకి పేరు కన్నా ఎక్కువ గుర్తుంటుంది. ఒక అబ్బాయి, పాలమూరు వైపు యాస, చెట్టు కింద కూర్చుని స్టీలు బాక్సు తీశాడు, పొద్దున ఏడింటికి! నిండా అన్నం, ముద్దపప్పు, మూతలో మూడు ఉడకబెట్టిన గుడ్లు, జేబులోంచి ఇన్ని నానబెట్టిన పల్లీలు. నేను చూస్తున్నానని గమనించి "తింటవా అక్కా?" అన్నాడు. వద్దులే నాన్నా, ఇంత పొద్దున్నే అన్నమా అన్నా. "తినకుంట ఉరికితే కాళ్ళు రావక్కా. నేను ఒక్కపొద్దులుండి ఉరికిన, ఇరవై సెకన్లు పోయినయ్" అన్నాడు. నేను పుస్తకాలూ వీడియోలూ చూసి తెలుసుకోలేనిది వాడికి ఇరవై సెకన్లలో తెలిసిపోయింది.

సరే, ఎక్కువ తినాలి అని తెలిసింది. తినడం అంత తేలికనుకుంటున్నారా? వెయ్యి కేలరీలు పిజ్జాతో అయితే పది నిమిషాల పని. మంచి తిండితో అయితే పొట్ట పట్టదు. కూరలు, సలాడ్, మొలకలు, ఇవన్నీ జాగా ఎక్కువ తీసుకుని కేలరీలు తక్కువ ఇస్తాయి, బరువు తగ్గాలనుకునేవాళ్ళకి అదే వరం, నాకదే గండం. మొదటి రెండు వారాలు ఒకేసారి కూర్చుని తినేద్దామని చూసి ముద్ద దిగక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత పూటలు పెంచా. పొద్దున లేవగానే ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, బెల్లం కాఫీ. మా అమ్మ ఊరెళ్ళేవాళ్ళని "ఇంత ఎంగిలి పడి వెళ్ళు" అనేది, సరిగ్గా అంతే. పరిగెత్తి వచ్చిన గంటలోపు మూడు పెసరట్లు, రెండు గుడ్లు. మధ్యాహ్నం బాక్సులో మళ్ళీ అన్నం. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు ఉంటుంది కదా, అది నిండా పోస్తే 150 గ్రాముల బియ్యం, 500 పైచిలుకు కేలరీలు. ఆ కప్పు బియ్యంలో మధ్యాహ్నానికి ఎక్కువ, రాత్రికి తక్కువ, పైన ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు. అవును, రాత్రి కూడా అన్నమే, బోర్డు పెట్టి మరీ చెప్తా. సాయంత్రం ఐదింటికి ఆఫీసులో ఉడకబెట్టిన పల్లీలు, జామకాయ. గ్రీన్ టీ తాగే టైముకి ఇప్పుడు పాలు తాగుతున్నా, తాగే నీళ్ళల్లో కూడా కేలరీలు ఉండాలన్నంత కక్కుర్తి పట్టుకుంది.

ఐరన్ మాత్రలు నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమన్నారు, టీ, కాఫీలకి దూరంగా. భోజనం అవ్వగానే టీ తాగే అలవాటు మానడమే అన్నిటికన్నా కష్టమైంది, అన్నం తిరిగి మొదలుపెట్టడం కన్నా కూడా.

ప్రొటీన్ పౌడర్ కొనమని గ్రూపులో సగం మంది చెప్పారు. కొన్నా, ఒక డబ్బా. తప్పేం లేదు, పాలల్లో కలుపుకుంటే స్కూపుకి 24 గ్రాములు వస్తుంది. కానీ నా జబ్బు ప్రొటీన్ కాదు, మొత్తం తిండే తక్కువ. మొత్తం చాలనప్పుడు మనం తిన్న ప్రొటీన్‌ని కూడా ఒళ్ళు పొయ్యిలో కట్టెలా కాల్చేసుకుంటుంది, అంత ఖరీదైన కట్టె ఎందుకు, అన్నం ఉండగా. ఇలా పరిగెత్తేవాళ్ళకి కిలో బరువుకి 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం, 1.2 నుంచి 2 గ్రాముల దాకా ప్రొటీన్ అంటారు. నాకు ప్రొటీన్ ఒక 80 గ్రాములు వస్తే చాలు, అది పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, పల్లీలు, పెసలతోనే దగ్గరికి వచ్చేస్తోంది. డబ్బా అయిపోయాక మళ్ళీ కొనలేదు.

అన్నీ సవ్యంగా జరిగాయనుకోకండి. మే నెలలో ఒక శనివారం రాత్రి చుట్టాలింట్లో ఉలవచారు, మీగడ. పొద్దున్నే 18 కిలోమీటర్లు అని తెలుసు. ఉలవలంటే బలం కదా, గుర్రాలకే పెడతారు కదా అని మనసుకి నచ్చచెప్పుకుని రెండుసార్లు వడ్డించుకున్నా. ఏడో కిలోమీటరు దగ్గర గుర్రం సంగతి తెలిసింది. క్యాంపస్‌లో తెలిసినవాళ్ళ క్వార్టర్స్ ఉండబట్టి పరువు దక్కింది, ఆదివారం ఆరింటికి వాళ్ళ తలుపు కొట్టి ఏం చెప్పానో ఇక్కడ రాయను. అప్పట్నుంచి లాంగ్ రన్ ముందు రోజు రాత్రి పీచు తక్కువున్నవే, తెల్లన్నం, పెరుగు, బంగాళదుంప, లేకపోతే నిన్నట్లా దోసెలు. మిల్లెట్లు, ఆకుకూరలు, మొలకలు మిగతా రోజుల్లో. అలాగే గంటన్నర, రెండు గంటలు దాటే పరుగైతే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం, గ్లైకోజెన్ అంటారు, అడుగంటుతుంది, గంటకి 30 నుంచి 60 గ్రాముల తీపి పదార్థం పడాలి. నేను జిప్ కవర్లో ఖర్జూరాలు, బెల్లం ముక్క, సీసాలో ఓఆర్‌ఎస్ పెట్టుకుంటా. ఈ ఉక్కకి బెల్లం కరిగి కవరంతా అంటుకుంటుంది, ఒకసారి చెట్టు కింద పెట్టి వస్తే చీమలు నాకన్నా ముందు తినేశాయి.

మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడకి నా పరుగు మొదట్నుంచీ నచ్చదు. "ఆ తిరిగేదేదో కూరగాయలకి వెళ్ళి రావచ్చు కదమ్మాయ్" అంటారు. నెలసరి ఆగిందని నేను ఆవిడకి చెప్పలేదు, మా ఆయనకి చెప్తుంటే విన్నారనుకుంటా. మర్నాడు మధ్యాహ్నం ఇల్లంతా మినుముల వాసన. పొట్టు మినుములు మూకుట్లో సన్నసెగ మీద వేయిస్తున్నారు, కింద కూర్చుని చేసుకోవాలని పొయ్యి కింద పెట్టించుకుని మరీ. ఒక గింజ నోట్లో వేసుకుని పటుక్కుమన్నాక దించారు. చల్లారాక మిక్సీ పట్టి, అది మరీ మెత్తగా కాకుండా పంటికి తగిలేలా, బెల్లం తురిమి కలిపి, నెయ్యి వేడి చేసి పోస్తూ చేత్తో గట్టిగా నొక్కి ఉండలు చుట్టారు. సున్నుండలు. "పెద్దమనిషైనప్పుడు మా అమ్మ నాకు నెల రోజులు పెట్టింది. రోజుకి రెండు తిను" అన్నారు, ఇంకేం అడగలేదు. తర్వాత తూకం వేసి లెక్క చూసుకున్నా, ఒక్కోటి 40 గ్రాములు, దాదాపు 200 కేలరీలు. పొట్టలో నిమ్మకాయంత జాగా, గిన్నెడు సలాడ్ ఇవ్వలేనంత బలం. మాల్‌లో ఎనర్జీ బార్ అని 80 రూపాయలు పెట్టి నేను కొన్నది దీని ముందు అట్టముక్క.

మే చివర్లో పీరియడ్స్ వచ్చాయి. ఫెరిటిన్ 31కి ఎక్కింది, ఇంకా ఎక్కాలి. బరువు 58, ఆఫీసులో ఒకావిడ "మళ్ళీ కాస్త పెట్టారే" అంది, పెట్టానండీ అన్నా. కిలోమీటరు 6:30కి వస్తోంది, రాత్రి రెండింటికి మెలకువ రావట్లేదు. కాలి మీద ఆ రూపాయి బిళ్ళ చోటు నొక్కితే ఏమీ లేదు, అయినా రోజూ స్నానం చేసేటప్పుడు ఒకసారి నొక్కి చూసుకుంటా. ఈ కార్తీకం సంగతి అత్తయ్యే ముందే తేల్చేశారు, పరిగెత్తేవాళ్ళకీ పాలిచ్చేవాళ్ళకీ ఉపవాసం లేదట, ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు.

గుడ్డు కూర ఇప్పుడు తొమ్మిది గుడ్లతో వండుతున్నా. వడ్డించకముందే నా రెండూ చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకుంటున్నా, మొదట్లో దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. పోయినవారం అలా తీస్తూ లెక్కపెట్టా, నాకు రెండు, మా ఆయనకి రెండు, వాడికి రెండు, పాపకి ఒకటి, బాక్సుకి ఒకటి, ఇంకోటి మిగిలింది. అత్తయ్య అప్పటికి మజ్జిగన్నంలోకి వచ్చేశారు, పక్కన కాస్త పులుసు. ఆ గుడ్డు తీసుకెళ్ళి ఆవిడ కంచంలో వేశా.

"నాకెందుకే? నేనేమన్నా పరిగెడుతున్నానా?" అన్నారు.

పరిగెత్తకపోయినా 55 కిలోల మనిషికి 46 గ్రాముల ప్రొటీన్ కావాలట అత్తయ్యా, తార్నాకలో చెప్పారు అన్నా. ఎవరు చెప్పారో ఆవిడకి అర్థం కాలేదు కానీ, గుడ్డు రెండు చేసి తెల్లది తినేసి, సొన మాత్రం కొలెస్ట్రాల్ అని తీసి నా కంచంలో వేశారు.